నిప్పు తగలని సీసా

ప్రకృతి చికిత్సాశ్రమం,
వికారాబాద్ అవతల,
8 జులై 2024

ప్రియా బిడ్డకు,

బాపు క్షేమం. నన్ను ఇక్కడ దింపి మీరు కారెక్కిన నిమిషం నుంచి నేను మేకల మందలో కలిసిపోయాను. పొద్దున ఆకుల రసం, మధ్యాహ్నం తరిగిన కీర, సొరకాయ, రాత్రికి నానబెట్టిన పల్లీలు. నిప్పు తగిలిన వస్తువు ఏదీ నోట్లో పెట్టకూడదు. నా పక్క మంచం మీద ఒక రిటైర్డ్ తహసీల్దారు ఉన్నాడు. నిన్న ఆయన గుక్కెడు వేడినీళ్ళు అడిగితే అందరూ ఆయనను దొంగను చూసినట్టు చూశారు. నేను చాయ్ మాట ఎత్తకుండా జాగ్రత్తపడ్డాను.

ఫోన్లు ఆఫీసు అలమారాలో పెట్టి తాళం వేశారు. ఇంటితో మాట్లాడాలంటే కాగితం, కలం. అందుకే నా కోడిగీతలు నీకు తప్పలేదు.

అసలు సంగతి ఏమిటంటే, డాక్టరమ్మ నా రిపోర్టులు చూసి, లివరుకు పట్టిన కొవ్వు కరగడానికి లెసిథిన్ అనేది కావాలన్నది. మొలకెత్తిన సోయాగింజల్లో ఉంటుందని అవే పెట్టించింది. వాటికి నా కడుపు చేసిన లొల్లికి తహసీల్దారు మంచం మార్చుకున్నాడు. బజారులో దొరికే పొడి మాత్రం తేవద్దన్నది. గింజల నుంచి నూనె లాగడానికి పెట్రోలు జాతి ద్రావకం పోస్తారట. ఆరబెట్టినా దాని జాడ ఎంతో కొంత మిగులుతుందట. ద్రావకం తగలనిది, నిప్పు తగలనిది దొరికితే తెప్పించుకోండి అన్నది.

దొరకకపోతే వదిలెయ్. మనసులో మాట రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మీరు తెచ్చి దింపారు కాబట్టి ఉన్నాను. లాడ్ బజార్‌లో కూర్చుని ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులకూ గాజులు తొడిగాను. ఇక ఈ లివరును బాగుచేసుకుని కొత్తగా సాధించేదేమీ లేదు. రాసి ఉన్నన్ని రోజులు ఉంటాను.

శ్రావణం గిరాకీకి ఆకుపచ్చ గాజులు ముందే తెప్పించు. కొత్త సరుకు పెట్టెలు నువ్వే విప్పు, ఎవరికీ అప్పగించకు.

ఇట్లు, గడ్డి తింటున్న
మీ బాపు వైకుంఠం


మాదన్నపేట,
14 జులై 2024

బాపుకు,

ప్రియ నమస్కారాలు. నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. చివర్లో రాసిన ఆ నాలుగు ముక్కలూ మింగేశాను. ఆమె కనిపెట్టి, కాగితం లాక్కుని తనే చదివింది. ఆ పూట అన్నం తినలేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది. నిన్ను బలవంతంగా పంపిన పాపం నాదేనని నాకు తెలుసు. ఆ రోజు కారులో నువ్వు నా వైపు తిరిగి కూడా చూడలేదు. అయినా పంపకుండా ఉండలేకపోయాను. అలాంటివి ఇక రాయకు.

లెసిథిన్ కోసం దుకాణం మధ్యాహ్నాలు మూసి తిరిగాను. అబిడ్స్ వైపు ఒక ఆరోగ్య ఆహారాల దుకాణంలో పసుపు రంగు పొడి డబ్బా చూపించారు. "ఫుల్ నేచురల్ ఉంది మేడం, ఫికర్ జేయకండి" అన్నాడు. ద్రావకంతో తీసిందా అని అడిగితే డబ్బాను నాలుగు వైపులా తిప్పి, "గదైతే ఏం రాయలే" అన్నాడు. రాయకపోవడం మంచిదని అతని అభిప్రాయం. ఇంకోచోట పొద్దుతిరుగుడు గింజల నుంచి తీసిన చిక్కటి ద్రవం దొరికింది. ద్రావకం లేదని రాసి ఉంది కానీ దాని గడువు పోయిన సంవత్సరమే తీరిపోయింది. గింజలే నమలమందామంటే నీ పళ్ళ సంగతి నాకు తెలుసు.

చివరికి సీతారాం చిన్నాయన జల్‌పల్లిలో కట్టె గానుగ ఆడించే సాయిలు పేరు చెప్పాడు. బస్సెక్కి పోయాను. సాయిలు నా మాట విని నవ్వాడు.

"గా పేరు నేనెన్నడు ఇనలే బిడ్డా. గని పొద్దుతిరుగుడు నూనె ఆడిచ్చి డబ్బాల పోస్తే అడుగుకు బంక దిగుతది. మా కోడలు ఫోన్ల జూసి గదే గిది అన్నది. జెర నీళ్ళు చిలకరిచ్చి, మంచిగ కలిపి, ఎండల వెట్టు. నీళ్ళు తాగి బరువెక్కి దిగుతది. మీది నూనె వంచుకోవాలె, గంతే."

"ఎండ లేకపోతే?"

"లేకపోతే గట్లనే తేలుతది. కిందికి రాదు."

వెచ్చటి నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను. నిప్పు లేదు, ద్రావకం లేదు, ఎండ ఒక్కటే కావాలి. మిద్దె మీద పెట్టాను. చూద్దాం.

ఇట్లు,
నిన్ను మేకల్లో కలిపిన బిడ్డ
హరిప్రియ


మాదన్నపేట,
24 జులై 2024

బాపుకు,

ఈ పార్సెల్‌లో సీసా పంపుతున్నాను. చిక్కగా, పసుపుపచ్చగా ఉంటుంది. చూసి జడుసుకోకు.

సాయిలు చెప్పిన పద్ధతి కుదరలేదు. వారం రోజులుగా ముసురు. మిద్దె మీద పెట్టిన గిన్నెలో వాన పడకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డాను, వీధిలో అందరూ నవ్వారు. ఇంతలో రోజులు గడిచిపోతాయని, నువ్వు ఎదురుచూసి ఎదురుచూసి ఆ నాలుగు ముక్కలే మళ్ళీ రాస్తావని భయమేసింది. వేరే దారి పట్టాను. ఏ దారి అని అడగకు బాపూ. అమ్మకు కూడా చెప్పలేదు. ఆమె నిద్ర లేవకముందే చేశాను.

ద్రావకం తగలలేదు. ఆ ఒక్కటి నీ మీద ఒట్టేసి చెప్పగలను. మిగతాది అడగవద్దు. మందు అనుకుని పొద్దున ఒక చెంచా కళ్ళు మూసుకుని మింగు.

బోనాలకు గాజుల గిరాకీ బాగుంది. నువ్వు లేని గల్లా మీద కూర్చోవడం నాకే నచ్చడం లేదు.

హరిప్రియ


ఆశ్రమం,
31 జులై 2024

ప్రియా బిడ్డకు,

సీసా పగలకుండా వచ్చింది. మన వ్యాపారంలో పెట్టె విప్పగానే ముందు చూసేది సరుకు కాదు, సర్దుడు. సరుకు ఎక్కడిది, ఎవరి చేతి నుంచి వచ్చింది, పంపినవాడు తొందరలో ఉన్నాడా, తీరిగ్గా ఉన్నాడా, అన్నీ సర్దుడే చెప్పేస్తుంది. నీకు ఈ పాఠం నేర్పింది నేనే. నీ సర్దుడు చూశాను. నాకు తెలిసిపోయింది.

అడగవద్దన్నావు, అడగను. అదే సాయంత్రం డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి, లెసిథిన్ ఏ వస్తువులో ఎంత ఉంటుందో చెప్పింది. అన్నీ విన్నాను. విన్నాక నీ దారి ఇంకా బాగా అర్థమైంది. అమ్మ లేవకముందే వంటింట్లో ఒక్కదానివే నిలబడి ఆ పని చేశావంటే, ఎంత మనసు చంపుకుని చేశావో ఊహించుకున్నాను. నిన్ను ఆ గతికి తెచ్చింది నా ఉత్తరమే.

తింటున్నాను. మొదటి రోజు గొంతు దిగలేదు. ఇప్పుడు దిగుతున్నది. నిద్ర పడుతున్నది. నిన్న గుట్ట మలుపు దాకా ఆగకుండా నడిచి వచ్చాను, తహసీల్దారు సగంలోనే కూలబడ్డాడు. పొద్దున భజనకు మాత్రం పోవడం లేదు. మోకాళ్ళ నొప్పి అని చెప్పాను.

సీసా అడుగు కనిపిస్తున్నది. ఇంకొకటి పంపగలవా? నీకు మనసొప్పకపోతే వద్దు.

బాపు


మాదన్నపేట,
6 ఆగస్టు 2024

బాపుకు,

నీకు తెలిసిపోయిందన్న చోట చదవడం ఆపి, దుకాణం బయటికి వచ్చి కాసేపు నిలబడ్డాను. తిడితే బాగుండేది. తిట్టకుండా, తెలిసీ తింటున్నానని రాశావు. నియమం అంటే నీకు ఎంత పట్టింపో తెలిసిన దాన్ని. సైదులు హోటల్ చాయ్ మానమని అమ్మ పెళ్ళైన రోజు నుంచి చెప్పినా వినని వాడివి, ఆశ్రమంలో మానుతానని మాట ఇచ్చి మానేశావు. అలాంటి నీ మాటను నేను పాడుచేశాను.

రెండో సీసా పంపుతున్నాను. ముసురు ఇంకా విడవలేదు. ఇదీ ఆ దారిదే. ఎండ వచ్చేదాకా ఆగుదామా అని రెండు రోజులు తన్నుకులాడాను. నువ్వు గుట్ట మలుపు దాకా నడిచావని రాసిన వాక్యం ఆగనివ్వలేదు.

నువ్వు నడిచిన సంగతి అమ్మకు చెబితే, పిలవకుండానే ఎదురింటికి పోయి వాళ్ళకూ చెప్పి వచ్చింది. సీసా సంగతి మాత్రం ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆమె ముఖం చూస్తూ అన్నం తినడం కష్టంగా ఉంది.

హరిప్రియ


ఆశ్రమం,
13 ఆగస్టు 2024

బిడ్డా,

రెండో సీసా అందింది. అదే రకం సర్దుడు. సరే.

వచ్చే బహుళ పంచమికి మీ నానమ్మ తద్దినం. ఆమె పోయిన నాటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. వరదొచ్చిన ఏడు నడుములోతు నీళ్ళలో పోయి పంతులును తీసుకొచ్చాను. ఈసారి సీతారాంను పెట్టమను. ఆశ్రమం వాళ్ళు రెండు రోజులు పంపుతామన్నారు. నేనే రానన్నాను.

సీసాలోది రోజూ తింటున్నవాణ్ణి, ఆ చేత్తో మా అమ్మకు పిండం పెట్టడానికి తగను. కారణం నీకు తెలుసు, నాకు తెలుసు. సీతారాంకు చెప్పవద్దు, ఒంట్లో బాగాలేదని చెప్పు. నీ మీద కోపం లేదు. ఉందనుకుంటే అది నీ పొరపాటు.

మీ అమ్మను చక్కెర తక్కువ తినమను.

బాపు


మాదన్నపేట,
17 ఆగస్టు 2024

బాపుకు,

ఈ ఉత్తరం తద్దినానికి ముందే నీకు అందాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "పేషెంట్లను పిలవమమ్మా, ఉత్తరం రాయండి" అన్నారు. తద్దినం సంగతి చెప్పమంటే, ఆయన రానని రాసిచ్చారు కదా అన్నారు. నేనే వద్దామంటే శ్రావణ శుక్రవారాల గిరాకీకి గల్లా వదిలే వీలు లేదు. ఇది కూడా ఒక సాకేనేమో. నీ ముఖం చూడటానికి భయమే అసలు కారణమేమో.

దాచింది చాలు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎండ రాలేదు. నూనెలో బంక తేలుతూనే ఉంది. ఒక పొద్దున అమ్మ లేవకముందే స్టవ్ వెలిగించి, నీళ్ళు కాచి, ఆ వేడినీళ్ళు నూనెలో పోసి కలిపాను. గంటలో బంక దిగిపోయింది. దాన్నే సీసాలో పట్టాను. రెండో సీసా కూడా అంతే. నిప్పు తగలనిది కావాలన్నావు, నిప్పు తగిలింది పంపాను. నిప్పు తగిలిందని నీకెలా తెలిసిందో కూడా తర్వాత గ్రహించాను. సీసాకు చుట్టిన గుడ్డ, నేను గిన్నె దించిన మసిగుడ్డ. తొందరలో అదే చుట్టేశాను.

తప్పు నాదే. కానీ బాపూ, వేడినీళ్ళు పోసిన బంక తిన్నందుకు నానమ్మకు పిండం పెట్టవా? ఇది నాకు అర్థం కావడం లేదు. నన్ను శిక్షించడానికే అయితే ఇంకేదైనా శిక్ష వెయ్యి. చిన్నాయన రెండుసార్లు అడిగాడు, "అన్న ఎందుకు వస్తలేడు బిడ్డా, నా మీద ఏమన్న మనసుల వెట్టుకున్నడా?" అని. ఆయనకు ఏం చెప్పను?

బయలుదేరి రా. చేతులు జోడించి అడుగుతున్నాను.

హరిప్రియ


ఆశ్రమం,
27 ఆగస్టు 2024

ప్రియా బిడ్డకు,

నీ స్పీడ్ పోస్టు ఈ రోజు మధ్యాహ్నం వచ్చింది. సెలవులు, వానలు, ఇక్కడి గుమాస్తా బద్ధకం, అన్నీ కలిసి దాన్ని ఆపాయి. తద్దినం అయిపోయింది. ఆ రోజు నేను ఏమీ తినకుండా బోరు పంపు దగ్గర దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాను. తహసీల్దారు వచ్చి కాసేపు పక్కన కూర్చుని లేచిపోయాడు.

నీ ఉత్తరం మొదట అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. మసిగుడ్డను నేను చూడనే లేదు బిడ్డా. నేను చూసింది దాని చుట్టూ పెట్టిన అట్టలు. గుంటలు గుంటలుగా ఉన్న బూడిదరంగు అట్టలు. కోడిగుడ్లు పెట్టే అట్టలు. మన ఇంటి గడప ఎన్నడూ తొక్కని వస్తువు. గాజులకు గడ్డి పెడతాం, చింపిన కాగితాలు పెడతాం, అది ఎన్నడూ పెట్టలేదు. ఆ సాయంత్రమే డాక్టరమ్మ, లెసిథిన్ అన్నిటికంటే ఎక్కువ ఉండేది కోడిగుడ్డు పచ్చసొనలోనని చెప్పింది. సాయిలు పద్ధతి కుదరలేదు, వేరే దారి పట్టాను, అమ్మకు చెప్పలేదు అని నువ్వు రాశావు. రంగు చూస్తే పసుపుపచ్చ. జన్మలో గుడ్డు పగలగొట్టి చూడనివాణ్ణి, నాకేం తెలుస్తుంది. గుడ్డే అనుకున్నాను.

నువ్వు వేడినీళ్ళు పోసినందుకు అన్ని రోజులు కుమిలిపోయావు. నేను నిన్ను అంత మాట అనుకుని, ఒక్క ముక్క అడిగి తేల్చుకోకుండా, గొప్పగా క్షమించేసి కూర్చున్నాను. పెట్టెలు విప్పి సర్దుడు చదవడం వచ్చుననే పొగరు. అడిగి ఉంటే మా అమ్మ తద్దినం తప్పేది కాదు. సీతారాం మనసు నొచ్చేది కాదు. నీకు ఏ ముఖంతో క్షమాపణ చెప్పాలో తెలియడం లేదు.

ఇంకొకటి ఉంది. అది రాయకుండా ఈ కాగితం మడవలేను.

నా కోసం నువ్వు ఆ పని చేశావు, ఆ పాపం నువ్వు ఒక్కదానివే మొయ్యకూడదు, అందుకే తింటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మొదటి సీసాకు అది నిజమే. కళ్ళు మూసుకుని, నీ పేరు తలుచుకుని మింగాను. రెండో సీసా మాత్రం నేనే అడిగి తెప్పించుకున్నాను. గుడ్డేనని నమ్మి, తెలిసి అడిగాను. గుట్ట మలుపు దాకా నడిచిన రోజు పైనుంచి గాలి వచ్చింది, ఒళ్ళు తేలికగా ఉంది, ఆకలేసింది. చాలా రోజుల తర్వాత నాకు బతకాలనిపించింది. నియమం పోతే పోనీ, ఈ సీసా అయిపోకూడదనుకున్నాను. మా అమ్మ ముందు కూర్చోవడానికి చేతులు రాలేదంటే అందుకే. సీసాలో ఉన్నది గుడ్డు కాకపోయినా నేను అడిగింది గుడ్డే. దీన్ని నీ వేడినీళ్ళు కడగలేవు.

డాక్టరమ్మకు నీ పద్ధతి చెప్పాను. వేడినీళ్ళు పోస్తే అది పచ్చిదాని కింద లెక్కకు రాదు కానీ ద్రావకం కంటే వెయ్యి రెట్లు నయం అన్నది. తహసీల్దారు, అయితే నాకూ కాసిన్ని వేడినీళ్ళు ఇప్పించండి అన్నాడు.

అమ్మకు ఇదంతా చెప్పు. దాచకు.

బాపు


మాదన్నపేట,
2 సెప్టెంబర్ 2024

బాపుకు,

సీసా సర్దిన రోజు ముసురుకు మన దుకాణం గడ్డి తడిసి ముద్దయింది. నీ సీసా పగలకూడదని ఎదురుగా ఉన్న కిరాణా దుకాణంలో పడేసిన అట్టలు అడిగి తెచ్చుకున్నాను. అవి ఏ అట్టలో చూడనైనా లేదు. వేడినీళ్ళ సంగతి దాచకుండా ఉంటే నువ్వు అట్టల వైపు చూసేవాడివి కాదు. ఈ తప్పును ఇద్దరం సగం సగం పంచుకుందాం. ఎక్కువ సగం నాకు ఇవ్వు.

పంతులు, తప్పిన తద్దినం మహాలయ పక్షంలో పెట్టుకోవచ్చన్నాడు. చిన్నాయనకు అంతా చెప్పాను. "అన్నతోని జెప్పు, ఇద్దరం కలిసి పెడదం. అమ్మ మస్తు సంబురపడ్తది" అన్నాడు.

నిన్న, మొన్న ఎండ కాసింది. ఈ సీసా ఎండలోనే దిగింది. మన దుకాణం గడ్డిలోనే సర్దాను. ముందు సర్దుడు చూసుకుని, తర్వాత తిను.

నీ ఉత్తరం అమ్మ చేతికే ఇచ్చాను. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిడుతుందనుకుని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె చివరి పేజీకి వచ్చి ఆగిపోయింది. అక్కడే మళ్ళీ చదివింది. తర్వాత కాగితం నా చేతికిచ్చి, ఒక చోట వేలు పెట్టి చూపించింది.

"గీ ముక్క పెద్దగ సదువు. బతకాలనిపిచ్చిందని ఆయన రాసింది. గదొక్కటి మల్ల సదువు బిడ్డా."

చదివాను. మళ్ళీ చదవమంది.

హరిప్రియ